మోగని ఉలి

ఇన్నేళ్ళుగా గుండెల మీద ఒక ఇనుప ముక్క పెట్టుకుని తిరుగుతున్నాను. మాటవరసకు అంటున్నానని అనుకోకండి, ముక్క నిజంగానే ఉంది. ఒకటి కూడా కాదు, రెండు. మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, పాత పంచె గుడ్డలో చుట్టి ఉన్నాయి. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఈమాత్రమైనా నోరు పెగులుతోంది.

పంతొమ్మిది వందల యాభైల్లో కదిరి బజారులో చిన్న ఇనుప సామాన్ల కొట్టు పెట్టాను. గడ్డపారలు, సమ్మెటలు, బండలు పగలగొట్టే ఉలులు అమ్మేవాణ్ణి. మా నాయన కమ్మరి. కొలిమి పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఇనుము మాట్లాడితే నా చెవికి తెలిసేది. ఆ రోజుల్లో నకిలీ సరుకు బజారంతా నిండిపోయింది. పేరున్న కంపెనీ గుర్తు ఉంటుంది, లోపల పనికిమాలిన ఇనుము ఉంటుంది. మోసపోయినవాళ్ళంతా నా దగ్గరకు వచ్చేవాళ్ళు. వేరే కొట్టులో కొన్న పనిముట్టును కూడా తెచ్చి నా చేత మోగించి చూసుకునేవాళ్ళు. దారం కట్టి వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టేవాణ్ణి. మంచిదైతే ఖంగున మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది. లోపల పగులుంటే థక్కుమని అక్కడే చచ్చిపోతుంది. "గుర్తు చూసి కొనొద్దండప్పా, మోగించి కొనండి" అని అందరికీ పాఠం చెప్పేవాణ్ణి. నేను తలూపితే కొనేవాళ్ళు, పెదవి విరిస్తే వదిలేసేవాళ్ళు. ఆ గౌరవం నా తలకెక్కింది. బాగా ఎక్కింది.

అలాంటి నేనే మోసపోయాను. బళ్ళారి వైపు నుంచి ఒక వ్యాపారి పన్నెండు ఉలులున్న పెట్టె తెచ్చాడు. నూనె కాగితం చుట్టి, లక్క ముద్ర వేసి, మీద కంపెనీ గుర్తుతో ముచ్చటగా ఉన్నాయి. నలుగురూ చూస్తుండగా, పెద్దమనిషిలా, విప్పకుండానే దింపించుకున్నాను. మర్నాడు విప్పి మోగిస్తే పన్నెండులో ఒక్కటీ మోగలేదు. పోయిన డబ్బు కోసం నేను ఏడవలేదు. నకిలీని కనిపెట్టే మొనగాడే నకిలీ కొన్నాడని బజారు నవ్వుతుందే, ఆ నవ్వు తలుచుకుంటేనే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఎవరికీ చెప్పకుండా పెట్టెను బల్ల కిందికి తోశాను.

వానలు ముఖం చాటేసి రెండేళ్ళయిన ఎండాకాలం అది. నల్లమాడ దగ్గరి పల్లె నుంచి ఓబులేసు వచ్చాడు. బావులు తవ్వే ముఠాకు అతనే పెద్ద. బండ తగిలినప్పుడు ఒకడు ఉలిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటాడు, ఇంకొకడు దాని తల మీద సమ్మెటతో కొడతాడు. కొట్టేది ఓబులేసు, పట్టేది అతని తమ్ముడు నరసింహులు. పట్టేవాడి ముఖం ఉలికి మూరెడు దూరంలో ఉంటుంది. కొట్టేవాడి మీద నమ్మకం లేకపోతే ఎవడూ అక్కడ కూర్చోడు.

బండ సందుల్లో చెమ్మ తగులుతోందనీ, ఇంకో రెండు మూరలు దిగితే నీళ్ళేననీ, ఉన్న ఉలి అరిగిపోయిందనీ చెప్పాడు. కొట్టులో వేరే ఉలి లేదు. లేవని చెప్పి ఉంటే పోయేది. కానీ అతని చూపు బల్ల కింది పెట్టె మీద పడింది. ఏం చెప్పను? ఆ సరుకు ఎందుకు ఇవ్వనని చెప్పను? ఒకటి తీశాను. అలవాటు ప్రకారం దారం కట్టి తట్టాను. థక్కుమంది. అంత స్పష్టంగా వినిపించేసరికి నేనే అదిరిపడ్డాను. ఓబులేసు ఆ చప్పుడు వినలేదు. అతను నా ముఖం చూస్తున్నాడు.

నేను తలూపాను.

ఆ తల నాదేనా? ఎవరైనా పట్టుకుని ఊపారా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో! ఎవరూ ఊపలేదు. నేనే ఊపాను.

మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. చొక్కా మీద రక్తం ఎండి నల్లగా అట్టకట్టింది. తువ్వాలు విప్పి రెండు ఇనుప ముక్కలు బల్ల మీద పెట్టాడు.

"తమ్మునికి కన్ను పోయినాదన్నా. ముక్క ఎగిరొచ్చి తగిలినాది. అనంతపురం ఆసుపత్రిలో ఉండాడు. ఒక్క మాట అడగడానికి వచ్చినా. తప్పు ఉలిదా, నా దెబ్బదా? నా దెబ్బదయితే నాదే అని చెప్పు. మొగమాటం పడొద్దు."

ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే విరిగిన ఇనుము లోపల తెల్లగా మెరవాలి. ఇది సగం మేర నల్లగా ఉంది. అంటే పగులు ముందునుంచే ఉంది. అది చదవడం ఓబులేసుకు రాదు. నాకు వచ్చు.

"ఉలి మంచిదే ఓబులేసూ" అన్నాను. "నీ ఎదురుగానే మోగించి ఇచ్చినా గదప్పా. దెబ్బ పక్కకు పడింటాది."

"సూటిగానే కొట్టినట్లుండెనే."

"ఎండలో పొద్దన్నుంచీ కొడతాంటివి. చెయ్యి అలిసింటాది."

అతను తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యిని చూసినట్టు.

"అంతే అయ్యింటాది. నువ్వు చెప్పినాక ఇంగెవరిని అడిగేది" అని లేచిపోయాడు. ముక్కలు బల్ల మీదే వదిలేశాడు.

అబద్ధం ఒకటైతే భయంతో అన్నాననుకోవచ్చు. చెయ్యి అలిసిందని ఆ రెండో మాట ఎందుకన్నాను? ఎవరడిగారు? అంత నున్నగా, అంత దయగా ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది?

మిగిలిన పదకొండు ఉలుల్నీ గోనెసంచిలో కట్టి ఒక పాడుబావిలో పడేశాను. వాళ్ళ ముఠాలో ఒక కట్టుబాటుంది. పట్టేవాడికి తన దెబ్బతో గాయమైతే కొట్టేవాడు సమ్మెట దించేయాలి, మళ్ళీ ముట్టకూడదు. ఓబులేసు దించేశాడు. చనిపోయేదాకా గిలక దగ్గర మట్టి తట్టలు లాగాడు. ఒక్క కంటితోనే నరసింహులు ముఠాను నడిపాడు, అన్నను పల్లెత్తు మాట అనలేదట. అయినా అన్నం తినేటప్పుడు ఓబులేసు తమ్ముడి పోయిన కన్ను వైపే కూర్చునేవాడని, అటునుంచైతే తాను కనిపించనని అలా చేసేవాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు. ఆ మాట విన్న రోజు నేను కొట్టు మూసేసి ఇంటికి వచ్చి పడుకున్నాను.

అతను మాత్రం నా కొట్టుకు రావడం మానలేదు. కొత్త ముఠాలవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేవాడు. నకిలీ సరుకు తగలకుండా ఉండాలంటే ఎక్కడ కొనాలో వాళ్ళకు చెప్పేవాడు. "ఈ అన్న అబద్ధం ఆడడు. నా మొగం మీదనే నా తప్పు చెప్పినోడు" అనేవాడు. నేను వింటూ నిలబడేవాణ్ణి. ఉలులు మోగించేవాణ్ణి. మంచివే అమ్మేవాణ్ణి. దాంతో ఏమైనా తగ్గిందా? ఏమీ తగ్గలేదు.

ఇప్పుడతను లేడు. నరసింహులు ఉన్నాడు. ఆ ఊరికి పోదామని రెండుసార్లు బస్సెక్కి, రెండుసార్లూ నల్లమాడలో దిగి వెనక్కి వచ్చాను. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు. మీరు క్షమిస్తారనీ ఇది రాయడం లేదు. ఒక్క మాట, ఆ రోజు బల్ల ముందు చెప్పాల్సింది, ఎక్కడో ఒకచోట చెప్పకుండా చావలేను. ముక్కలు ఇప్పుడు నా ఎదురుగా ఉన్నాయి. నల్లటి సగం అలాగే ఉంది.

ఓబులేసూ, నీ దెబ్బ సూటిగానే పడింది.