గోనెపట్ట కోటు వేలాడిన గోడ

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నూర్ అహ్మద్ దుకాణం పెట్టింది డెబ్బై తొమ్మిదిలో. అంతకుముందు అది శెనక్కాయల మూటలు వేసుకునే కొట్టు. బెంగళూరులో పదేళ్లు కోట్లు కుట్టి వచ్చిన మనిషి, అందరూ వేసుకునేవి ఇక కుట్టనన్నాడు. గోనెపట్టతో కోటు కుట్టి, లోపలి అస్తరుకు మగ్గాల దగ్గర మిగిలిన పట్టుముక్కలు వేసేవాడు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. చూసినవాళ్లు నవ్వి, పిల్లలకు నిక్కర్లు కుడతావా అని అడిగి పోయేవాళ్లు.

"రంజాన్ పండగ లోపల ఒక్క కోటన్నా అమ్ముడుపోకుంటే మళ్లా బెంగళూరికే పోతా," అన్నాడు ఒకరోజు భార్య సుగ్రాతో.

ఆ పదేళ్లూ సుగ్రా అత్తింట్లో ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ గడిపింది. మర్నాడు తనే దుకాణానికి పోయి చూసింది. పద్దెనిమిది కోట్లు, పాతగుడ్డల అంగడిలోలాగా ఒకదాని మీద ఒకటి.

"మన పెండ్లికి మీవాళ్లు బట్టలెట్ల తెచ్చినారు జీ? పళ్లేనికొక చీర. ఒక్కో పళ్లెం కాడ ఆడోళ్లు ఎంతసేపు నిలబడిరి! పెట్టెలో కుక్కి తెచ్చుంటే ఎవరు సూసుందురు?"

అరలన్నీ పీకించింది. గోడలకు సున్నం కొట్టించింది. మిషను తెర వెనక్కి పోయింది. కోట్లు మూడే ఉంచింది, గోడకొకటి. పైకప్పులో ఒక పెంకు తీయించి గాజుపలక వేయిస్తే, వెలుగు నేరుగా ఎదురుగోడ మీది గోనెపట్ట కోటు మీద పడేది.

"ఇది అంగడా, ఖాళీ చేసిన ఇల్లా?" అన్నాడు పక్కన టీ అంగడి బైరప్ప.

అంతకంటే వింత మూడోనాడు. సంతకొచ్చినవాళ్లు గడప బయట చెప్పులు విడిచి, కొంగు తలమీద కప్పుకొని లోపలికి రాసాగారు. ఒకామె ఊదుబత్తి వెలిగించి కోటు కింద గుచ్చింది. తెల్లగోడ, పైనుంచి వెలుగు, వేలాడే గుడ్డ. దర్గా అనుకున్నారు పాపం.

"దుకాణాన్ని దర్గా చేసి పెడితివి గదా! అంగడని బోర్డు రాయిస్తా," నూర్ అహ్మద్ తల పట్టుకున్నాడు.

"రాయించు. చెప్పులు మాత్రం ఆడనే ఇడవనీ. చెప్పులిడిసినోళ్లు బిరీన పోరు."

పండగ నాలుగు రోజులుందనగా చౌడేపల్లె రత్నమ్మ వచ్చింది. మొక్కుకొని కళ్లు తెరిచి, కోటుకేసి చాలాసేపు చూసింది.

"ఇది శెనక్కాయల గోతం గదప్పా! మూటలు మోసి మోసి మా ఇంటాయప్ప వీపంతా దీనికే ఒరుసుకుపాయె." లోపలి పట్టు మీద చెయ్యి వేసింది. "ఆయప్పకు ఇట్ల మెత్తగా ఏసినోళ్లు ల్యాకపోయిరి. ఇది నాకిచ్చెయ్, దుడ్లిస్తా."

"కొలత సూడాలమ్మా. ఆయప్పను పిల్సుకొని రా."

"సచ్చిపోయి రెండేండ్లాయె. తొడిగేదానికి కాదప్పా, మా గోడకు తగిలిస్తా. ఈడ ఉండాది సూడు, ఇట్లనే."

నూర్ అహ్మద్ కోటు దించి, మడత పెట్టకుండా ఆమె రెండు చేతుల మీద పరిచాడు.

బెంగళూరు మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. ఎనభై ఎనిమిదిలో ఆయన చనిపోయేదాకా ఆ గోడల మీద ఎన్ని కోట్లు మారాయో! సుగ్రాకు మాత్రం రత్నమ్మ కోటు తీసుకుపోయిన ఆ సాయంత్రమే గుర్తు. ఖాళీ మేకుకు నూర్ అహ్మద్ ఇంకో కోటు తగిలించబోతే, ఈపొద్దుకు అట్లనే ఉండనీ అని తనే ఆపింది. అంతలో బైరప్ప టీ తెచ్చి, "ఆడుండే కోటేదప్పా?" అన్నాడు. నూర్ అహ్మద్ మేకు ముందు నిలబడి, పొడుగు చెయ్యి ఎంతదాకా వచ్చేదో, పొట్టిది ఎక్కడ ఆగేదో తన చేతుల మీదే చూపిస్తూ చెప్పుకొచ్చాడు. టీ చల్లారిపోయింది.