ప్లీడరుగారి తుపాకి మీద దుర్భిణి

నర్సీపట్నం బస్టాండు ఎదురుగా, మందుల షాపుకీ కిళ్లీ బడ్డీకీ మధ్య ఇరుక్కున్న చిన్న గదిలో దేవుళ్లు వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకున్నాడంటే బయట రెండు బస్సులు గుద్దుకున్నా తల ఎత్తడని పేరు. వారమైందని ఎవరైనా గొడవపెడితే, వాచీ నా దగ్గరే ఉంది కదా, మరి ఆలస్యమైందని మీకెలా తెలిసిందండీ అని నెమ్మదిగా అడిగేవాడు.

డెబ్భై ఆరులో ఊరి పెద్దమనుషులు రైఫిల్ క్లబ్బు పెట్టారు. ప్రెసిడెంటు ప్లీడరు సూర్యనారాయణమూర్తి గారు. సభ్యులు ఐదుగురు. అందులో లైసెన్సు తుపాకులున్నది ఇద్దరికి. కాల్చడం వచ్చినది ఎందరికో ఎవరూ అడగలేదు. గొలుగొండ రోడ్డులో ప్లీడరుగారి జీడితోట వెనక మట్టిదిబ్బ ఉంది. దాని ముందు అట్ట నిలబెట్టి, యాభై గజాల దూరం నుంచి కాల్చేవారు. మట్టిదిబ్బకి మాత్రం ఏ రోజూ గురి తప్పలేదు.

ఆ ఏడే ప్లీడరుగారు వాల్తేరులో ఎవరో దొర వదిలిపోయిన సామాను వేలంలో, తుపాకి మీద బిగించుకునే పాత దుర్భిణి ఒకటి కొన్నారు. మూరన్నర పొడవు, వెదురుకర్ర లావు గొట్టం. కన్ను పెట్టి చూస్తే లోపల నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నటి గీతలు. అవి కలిసిన చోటే గురి. గొట్టాన్ని పట్టుకోడానికి రెండు కడేలు. ఒకటి మామూలుది. రెండోదానికి అంకెలు చెక్కిన మరలు రెండు, ఒకటి గురిని పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకీ జరపడానికి. ప్లీడరుగారు ఇంగ్లీషు పుస్తకం చదివి అన్నీ తానే బిగించారు. మరలున్న కడెం అందంగా ఉంది కాబట్టి పదిమందికీ కనబడేలా ముందువైపు పెట్టారు.

దాంతో, గుండు పైకి వెళ్లాలని మర తిప్పితే కిందికి దిగేది. ఇంకాస్త తిప్పేవారు, ఇంకాస్త దిగేది. తూటాలు చెమ్మగిల్లాయన్నారు, గాలి అన్నారు, ఎండ అన్నారు. ఎమర్జెన్సీ రోజులు కాబట్టి గవర్నమెంటును మాత్రం ఏమీ అనలేదు. క్లబ్బు పోటీలో ఆయన పక్కన నిలబడి డాక్టరు రామనాథం గారు పది గుళ్లు కాలిస్తే, డాక్టరు గారి అట్టలో పదమూడు చిల్లులు తేలాయి. డాక్టరు గారు ఎంతో వినయంగా కప్పు అందుకున్నారు.

ఆ కోపంలో మరలు మరీ బిగించేసరికి లోపలి గీత ఒకటి తెగింది. ప్లీడరుగారు దుర్భిణి బిగించిన తుపాకిని గుమాస్తా యాజులు చేత మోయించుకుని దేవుళ్లు దగ్గరికి వచ్చారు. దేవుళ్లు భూతద్దంలోంచి అటూ ఇటూ చూశాడు.

"బాబుగారూ, ఈ మరలున్న కడెం ఎనక్కుండాలండి. ఎనకవేపు ఎత్తితే గుండు పైకెల్తాది. ముందువేపు ఎత్తితే కిందకే గదండీ."

"నా గడియారం ఆగినప్పుడు నీ సలహా అడుగుతాను. నువ్వు గీత సంగతి చూడు," అన్నారు ప్లీడరుగారు. యాజుల్ని తుపాకికి కాపలా పెట్టి కోర్టుకి వెళ్లిపోయారు.

దేవుళ్లు ముందు తలవెంట్రుక పెట్టి చూశాడు. అద్దంలో అది కొబ్బరితాడంత కనబడింది. పట్టుదారం తాటిదూలంలా ఉంది. ఆఖరికి తల ఎత్తి, గది మూలనున్న సాలెగూటిని చూశాడు. అందులోంచి ఒక పోగు తీసి, లక్కబొట్లతో అతికిస్తుండగా భార్య కామమ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. ఆ బూజు దులపమని ఆమె ఏడాదిగా చెబుతోంది.

"దులపమంటే దులపవు. ఇప్పుడు దాంతోటి ఏటి సేస్తన్నావు?"

"ప్లీడరుగోరి తుపాకిలో ఎడతన్నాను."

కామమ్మ క్యారేజీ అక్కడ పెట్టి, యాజుల వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

గీత కుదిరాక దేవుళ్లు చేతులూరుకోలేదు. కడేలు రెండూ, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ, మార్చేశాడు. ముందుది కాస్త పల్లంగా ఉంటే పొడుం డబ్బా రేకు కత్తిరించి అడుగున వేశాడు. మర్నాడు పొద్దున్నే యాజులతో జీడితోటకి వెళ్లి, తుపాకి వెనక గడియ ఊడదీసి, ఒక చెక్కపెట్టె అంచుల్లో కోసిన గాళ్లలో కదలకుండా ఆనించాడు. తుపాకి ఖాళీ గొట్టంలోంచి చూస్తూ అట్ట మీది నల్లచుక్క నడిమికి తెచ్చాడు. తుపాకి కదలకుండా మరలు తిప్పి, దుర్భిణిలో గీతలు కూడా ఆ చుక్క మీదికే తెచ్చాడు. ప్లీడరుగారు వచ్చి, కడేలు మారడం చూసి మండిపడ్డారు.

"పాడుచేసినవాడివి నువ్వే కాల్చు. పేలితే నీ మొహమే పోతుంది."

దేవుళ్లు అంతకు ముందు ఎప్పుడూ తుపాకి కాల్చలేదు. బోర్లా పడుకుని, వాచీలో బాలెన్సు చక్రం సరిచేసేటప్పుడు బిగబట్టినట్టే ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. పేలిన ప్రతిసారీ దుర్భిణి గొట్టం కాస్త ముందుకి జారేది. దాన్ని వేలితో వెనక్కి లాగి మళ్లీ కాల్చాడు. ఐదు గుళ్లు. ఐదు చిల్లులూ అర్ధరూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. దేవుళ్లుకి చాలాసేపు లేవాలనిపించలేదు.

ప్లీడరుగారు ఆ అట్టని మడవకుండా సంచీలో పెట్టుకున్నారు. వారం తిరక్కుండా అది తారీఖుతో, ఆయన సంతకంతో, అద్దం బిగించుకుని ఆఫీసు గదిలో గోడెక్కింది. చూడవచ్చిన ఒక ఆఫీసరుకి దుర్భిణి కూడా చూపించి, అంత సన్నటి తీగ తియ్యడం మనవాళ్ల తరం కాదని చెప్పారట. పక్కనే ఉన్న యాజులుకి దగ్గు వచ్చిందట.

యాజులు ఈ సంగతి చెప్పిన రోజు దేవుళ్లు రెండు స్ప్రింగులు తెంపాడు. వెళ్లి కడిగెయ్యమంది కామమ్మ. అతను తెగిన ముక్కలు ఏరుతూ, "గోడ ఆరిది, మేకు ఆరిది. గుళ్లు నావని ఆరికీ తెలుసు. అదే ఆరికి బాద," అన్నాడు.

ఎనభై మూడులో ప్లీడరుగారి కళ్లకి శుక్లాలు వచ్చాయి. తుపాకిని దుర్భిణితో సహా విశాఖపట్నం రైఫిల్ క్లబ్బులో ఒకాయనకి అమ్మేశారు. కొన్నాయన కన్ను పెట్టి చూసి, దీన్ని ఇంత శుభ్రంగా కూర్చినదెవరని అడిగాడు. ప్లీడరుగారు గొంతు సవరించుకునేలోగా యాజులు దేవుళ్లు పేరు చెప్పేశాడు. గుమాస్తా ఉద్యోగంలో అది అతని ఒకే ఒక్క వాదన, అదీ నెగ్గింది.

అప్పటినుంచి తువ్వాళ్లలో చుట్టిన పాత దుర్భిణులు విశాఖ బస్సులో వచ్చేవి. బ్యాటరీ వాచీలు వచ్చి పని పడిపోయిన రోజులు. దేవుళ్లు కొట్టు ఇవే నిలబెట్టాయి. అతనికి తర్ఫీదు ఇచ్చింది తానేనని ప్లీడరుగారు ఊరంతా చెప్పుకున్నారు.

ఎనభై ఆరు మే నెలలో విశాఖ క్లబ్బువాళ్లు పోటీలకి పిలిచి శాలువా కప్పారు. ఒక్క గుండు కాలుస్తానని అతను అడిగితే, సభ్యత్వం లేనివాళ్లు తుపాకి ముట్టుకోకూడదని ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. ఆ ఎండలో శాలువాతో కూర్చుని, తాను కూర్చిన దుర్భిణులతో ఇతరులు గురి తప్పడం సాయంత్రం దాకా చూశాడు.

ఇంటికొచ్చాక ఆ శాలువాతో అద్దాలు తుడుద్దామనుకున్నాడు గాని, జరీ వాటికి గీతలు పెడుతుందని కామమ్మకి ఇచ్చేశాడు. ఆమె దాన్ని కుట్టుమిషను మీద కప్పింది.