రాళ్లు చక్కగా పడ్డాయి

మా ఇబ్రహీంపట్నంలో ఫొటో స్టూడియో ఎల్లేశ్ పనిమంతుడే, కాదనను. ఆ స్టూడియో గోడకు ఆనుకునే నా టైలరింగ్ షాపు. పెళ్లిళ్లకు తప్ప, కెమెరా పట్టుకుని ఎటు వెళ్లినా ఒక్కడే వెళ్తాడు. తెల్లారకముందే బండి తీసి గుట్టల వైపు పోయి, పిట్టల ఫొటోలతో తిరిగొస్తాడు. "పక్కన మనిషుంటే మాటల్ల పడత అక్కా, కన్ను పనిచెయ్యది" అంటాడు. భార్య మనోజ పెళ్లైన కొత్తలో తానూ వస్తానని నాలుగైదుసార్లు అడిగి, ఇక ఊరుకుంది. పిట్టకున్న విలువ పెళ్లానికి లేదా అని ఒకసారి మొహం మీదే అడిగాను. నవ్వి తప్పించుకున్నాడు.

మొన్న మార్చిలో ఒక శుక్రవారం రుక్మాబాయి స్టూడియోకు వచ్చింది. బొంగులూరు అవతల ఆమెకు ఎకరం భూమి ఉంది. భర్త పోయాక ఆమెకున్న ఆధారమంతా అదే. దాని చుట్టూ ప్లాట్ల వెంచర్ వచ్చి పడింది. హద్దు జరిపి తన భూమిలోకి రోడ్డు గీస్తున్నారని దరఖాస్తు పెడితే, సర్వేయరు సోమవారం కొలతకు వస్తానన్నాడు. ఈలోగా ఆ రోడ్డు వైపున్న ఐదు హద్దురాళ్లలో రెండు మాయమయ్యాయి.

"ఇంక మూడే ఉన్నయి కొడుకా. సోమవారం దాంక ఉంచరు. అవి గూడ పోతే నా భూమి యాడిదాంకనో ఎవరు చెప్తరు? రాయి మీది నంబరు కానొచ్చేటట్టు ఫొటోలు తియ్యి" అంది. తన ఫోనుతో తీయబోతే వెంచర్ వాచ్‌మన్ గుంజుకుని నేలకేసి కొట్టాడట. ఎల్లేశ్ కెమెరాలో ఫొటోతోపాటు తీసిన చోటు, తేదీ కూడా ఎక్కుతాయని ఎవరో చెప్పి పంపారు.

"రేపు పొద్దుగాల్నే నేనొక్కన్నే పోయి తీసుకొస్త అవ్వా" అన్నాడు ఎల్లేశ్.

నాకు ఒళ్లు మండింది. "ఆడ కెమెరాతోని ఒక్కనివే తిరిగితే సర్వే మనిషివో, పేపరోనివో అనుకుంటరు. కెమెరాతోపాటు చెయ్యి గూడ ఇరగ్గొడ్తరు."

"ఇంకొకన్ని తీస్కపోతే ఇద్దరం తన్నులు తింటం, గంతే గద."

టిఫిన్ డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడి వింటున్న మనోజ, "నేనొస్త" అంది. "ఆ వెంచర్ గేటు కాడ కమాను, పూలచెట్లు పెట్టిన్రు గద. జంటలొచ్చి ఫొటోలు దిగుతుంటే ఎవరు వద్దంటలేరు. మనం గూడ పెండ్లిరోజు ఫొటోలకు వచ్చినమనుకుంటరు."

"నీకేమన్న అయితే?"

"నాకేమైతదో తర్వాత చూద్దాం. అవ్వకు ఏమైతదో గది చెప్పు."

"పొద్దుగాల్నే తయారుగుండు" అని ఎల్లేశ్ డబ్బా అందుకున్నాడు. ఆ సాయంత్రం మనోజ తన పెళ్లినాటి జాకెట్టు తెస్తే, కుట్లు విప్పి వదులు చేసిచ్చాను. ఉత్త నాటకానికి ఇంత తయారెందుకే అంటే, "నాటకమైనా దిగేది ఫొటోనే గద అక్కా" అంది.

ఆ తర్వాతి సంగతి ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. శనివారం పొద్దున మబ్బు పట్టి వెలుతురు తక్కువగా ఉంది. వాచ్‌మన్ పట్టుచీర చూసి, "జల్ది దిగి పోండ్రి" అని వదిలాడు. కమాను దగ్గర ఊరికే రెండు తీసుకుని, పూలచెట్ల వెంబడి రుక్మాబాయి హద్దు దాకా నడిచారు. మొదటి రాయి గడ్డిలో ఉంది. మనోజ దాని పక్కన నిలబడి కొంగు సర్దుకుంది. ఆ మసక వెలుతురులో మనిషి, రాయి రెండూ తేటగా పడవు. ఎల్లేశ్ రాయి మీదే గురి పెట్టి తీశాడు. రెండో రాయీ అయింది. మూడో రాయి పక్కనే జేసీబీ ఆగి ఉంది. అక్కడ ఫొటో తీసి తలెత్తేసరికి వెంచర్ సూపర్‌వైజర్ బండి మీద ఎదురుగా ఉన్నాడు.

"ఏయ్, కమాను ఆడ ఉంటే పొదలల్ల ఏం తీస్తున్నవ్? కెమెరా ఇటియ్యి."

వాడు చూస్తే రాళ్లు కనపడతాయి, ఒక్క మీట నొక్కితే అన్నీ పోతాయి. వాడి చెయ్యి కెమెరా పట్టీ దాకా వచ్చింది. మనోజ మధ్యలో దూరి మొగుడి చేతిలోంచి కెమెరా లాక్కుంది. ముందు తనే చూసింది. మూడు ఫొటోల్లోనూ రాయి మీది నంబరు చదివేలా ఉంది. తన మొహం మాత్రం కన్నూ ముక్కూ లేకుండా అలుక్కుపోయి ఉంది.

"ఇగో సూడు!" అని కెమెరాను సూపర్‌వైజర్ మొహం మీదికే చాపింది. "పెండ్లైన పదమూడేండ్లకు ఒక్కనాడు తోల్కొచ్చిండు. నా మొకమేది ఇండ్ల? రాయి మంచిగ పడ్డది, నేను మసక!" మొగుడి వైపు తిరిగి, "రాయిని చూసినంత సేపన్న నన్ను చూడనీకె చేతగాలే నీకు!" అని భోరున ఏడ్చింది.

వాడు ఫొటో చూశాడు, ఆమెను చూశాడు, తల దించుకున్న ఎల్లేశ్‌ను చూసి పగలబడి నవ్వాడు. "పెండ్లాం మొకమే తియ్యరాదు, నువ్వేం ఫొటోగ్రాఫర్‌వయా! తోల్కపో, పో."

రింగురోడ్డు దాటేదాకా ఎల్లేశ్ వెనక్కి తిరగలేదు. అక్కడ బండి ఆపి, "మస్తు చేసినవ్. ఇగ ఏడుపు ఆపు, వాడు వస్తలేడు" అన్నాడు.

"నేను వాని కోసం ఏడుస్తలేను" అంది మనోజ.

అప్పుడు అర్థమైంది ఆ మహానుభావుడికి. గబగబా సంచిలోంచి కెమెరా తీయబోయాడు. మనోజ సంచి మూసేసింది. "వద్దు. ఇప్పుడు తీస్తే జాలికి తీసినట్టుంటది. పా, అవ్వ ఎదురుచూస్తుంటది."

సోమవారానికి మూడు రాళ్లూ లేవు. సర్వేయరు ఫొటోల్లోని చోట్లను భూమి నక్షాతో సరిచూసి తవ్విస్తే, మూడు చోట్లా కొత్తగా పూడ్చిన గుంతలు బయటపడ్డాయి. రోడ్డు కోసం పాతిన కర్రలు పీకించి, రుక్మాబాయి హద్దు ఆమెకు చూపించాడు. పోతూ పోతూ ఫొటోలు తిరిగిస్తూ, "రాళ్లు చక్కగ పడ్డయి. ఈ మనిషెవరయ్యా, ఒక్కదాంట్ల గూడ మొకం కానొస్తలేదు?" అని అడిగాడట.

"నా భార్య సార్. పదమూడేండ్ల సంది గిట్లనే చూస్తున్న" అన్నాడట ఎల్లేశ్, అంతమంది ముందు.

సాయంత్రం రుక్మాబాయి నా షాపుకొచ్చి ఈ మాట చెప్పింది. మనోజ నా పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది.

"సర్వేయరుకు చెప్పనీకె నోరొచ్చింది, నాకు చెప్పనీకె రాలేదా?" అని, సూది పక్కన పెట్టి, అదే అడగడానికి స్టూడియోలోకి వెళ్లింది.