బాబాయి జుట్టు ఏ సెక్షను?

నా చిన్నప్పుడు మగపిల్లలు జుట్టు పెంచుకోవడం నేరమని ఏ చట్టంలోనూ రాసి లేదు. శిక్ష మాత్రం ఉండేది. భవానీపురంలో మా పేట స్టేషనుకు కొత్తగా వచ్చిన ఎస్సై గారు ఒక వేసవిలో స్టేషను ముందు వేపచెట్టు నీడన కుర్చీ వేయించి, క్షవరం చేసే ఆయన్ని పిలిపించారు. సినిమా హాళ్ల దగ్గర చెవులు కనబడకుండా క్రాపు పెంచిన కుర్రాళ్లను జీపెక్కించి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారు. పేటంతా గోడ పట్టుకు నిలబడి చూసి చప్పట్లు కొట్టేది. నేనూ కొట్టాను. తొమ్మిదేళ్ల పిల్లకి అంతకన్నా వినోదం ఏముంటుంది?

అలాంటి క్రాపు మా ఇంట్లోనూ ఒకటుండేది. అది మా బాబాయిది. ఆటోనగర్‌లో స్పేరు పార్టుల కొట్లో పనిచేసే ఆయన ఆ జుట్టు సరదాకి పెంచలేదు. మా వంశంలో మగవాళ్లకు చెవులు చేటలంత ఉంటాయి. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి, ఆ పాపం చెవులదేనని బాబాయి నమ్మకం. జుట్టు పెంచి ఫొటో తీయించుకున్నాక మైలవరం అమ్మాయి సరేనంది. ఆదివారం పెళ్లిచూపులు. ముందురోజు శనివారం బాబాయి తలకి ఇస్త్రీ చొక్కాకి ఇచ్చినంత మర్యాద ఇస్తూ తిరిగాడు.

మా తాతయ్యకి ఆ జుట్టంటే ఒళ్లుమంట. రిటైరైన హైస్కూలు మాస్టారు, పచ్చి నాస్తికుడు, సభల్లో గంటల తరబడి వాదించిన మనిషి. నాయనమ్మ దేవుడికి హారతిస్తుంటే పక్కన కూర్చుని పేపరు కాస్త గట్టిగా చదివేవాడు. బాబాయి అద్దం ముందు నిలబడితే, "పిచ్చుకలు అద్దెకడుగుతాయిరా" అనేవాడు. ఆ కుర్చీ ఇంకా రాకముందు ఒకసారి కిళ్లీకొట్టు దగ్గర పదిమందిలో, "ఈ జుట్లన్నీ గొరిగించే మొనగాడే లేడా ఈ ఊళ్లో!" అని కూడా అన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం బాబాయి కొట్లో పనిచేసే ఒకాయన సైకిలు మీద రొప్పుతూ వచ్చి, బాబాయిని జీపెక్కించారని చెప్పాడు. నాయనమ్మ పొయ్యి మీది పప్పుగిన్నె దించి, కొంగు బిగించి, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. తాతయ్య నిదానంగా చొక్కా తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని వెనకాల నడిచాడు. వాళ్లిద్దరి మధ్యా నేను.

మేము వెళ్లేసరికి కుర్చీలో ఒక కుర్రాడికి సగం తల అయింది. వెనక వరసలో ఏడెనిమిది మంది నిలబడ్డారు. బాబాయి రెండు చేతులతో తల పట్టుకుని, దొంగలకి నగలు ఇవ్వనన్న పెళ్లికూతురిలా ఉన్నాడు.

నాయనమ్మ ఎస్సై గారి ముందు చేతులు జోడించింది. "బాబూ, అది తిరుపతి మొక్కు జుట్టు. కొండ మీద ఇవ్వాల్సింది మీరిక్కడ తీయిస్తే ఆ పాపం ఎవరికి తగులుతుందో మీరే చెప్పండి."

ఎస్సై గారు భక్తులు. గభాలున లేచారు. "అయ్యో, ఈ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా! తీసుకెళ్లండి, తీసుకెళ్లండి."

ఆ మాటతో వరసకి ప్రాణం లేచొచ్చింది. "నాదీ మొక్కే సార్, అన్నవరం!" అన్నాడొకడు. ఇంకొకడు గుణదల మేరీమాతకి మొక్కుకున్నానన్నాడు. మరొకడు ఏ దేవుడి పేరూ తట్టక, "మా అమ్మకి తెలుసు సార్" అన్నాడు. కుర్చీలో ఉన్న సగం గుండు, "నేను కూడా చెప్పాల్సింది" అని ఏడుపు మొదలెట్టాడు. ఎస్సై గారికి తల తిరిగిపోయింది. ఎవరిది నిజం మొక్కో తేల్చే దారి కోసం నలువైపులా చూసి, తాతయ్యను పట్టుకున్నారు. తాతయ్య అబద్ధమాడడని పేటంతటికీ తెలుసు.

"మాస్టారూ, మీరు చెప్పండి. మీ వాడిది మొక్కేనా?"

నాయనమ్మ కళ్లతోనే బతిమాలింది. బాబాయి అయితే పెదాలు కదిపి సైగ చేశాడు. ఒక్క 'ఊ' అంటే చాలు, కొడుకు జుట్టుతో ఇంటికొస్తాడు, తెల్లారి మైలవరం వెళ్తాడు.

"మొక్కు లేదండీ," అన్నాడు తాతయ్య. "దేవుడూ లేడు. జుట్టు మాత్రం ఉంది. అది వాడిది."

నాయనమ్మ నుదురు కొట్టుకుంది. "కన్నకొడుకు పెళ్లికి అడ్డం పడ్డ తండ్రిని ఈయన్నే చూశాను!"

ఎస్సై గారికి ఆశ్చర్యంతో పాటు కాస్త బాధ కూడా కలిగింది. "అదేంటి మాస్టారూ! మొనగాడే లేడా అని కిళ్లీకొట్టు దగ్గర మీరన్న మాట విన్నాకే కదా నేనీ కుర్చీ వేయించింది! మీరు సంతోషిస్తారనుకున్నాను."

ఇంత పెద్ద అభియోగం మా తాతయ్య జన్మలో ఎదుర్కోలేదు. ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అన్నాను. ఇంటికెళ్లి మళ్లీ అంటాను. అనడం నా పని. గొరగడం మీ పని కాదు."

"అంతా ప్రజల మంచికే కదండీ."

"కావచ్చు. ఈ పిల్లలు ఎవరి మీద చెయ్యి చేసుకున్నారు? ఫిర్యాదు ఎవరిచ్చారు? నువ్వేం చెప్పుకుంటావని వీళ్లలో ఒక్కణ్ణయినా అడిగారా? సరే, మీకు అధికారం ఉందనే అనుకుందాం. ఏ నేరానికి ఏ సెక్షను కింద ఈ శిక్షో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. మా వాణ్ణి నేనే కుర్చీలో కూర్చోబెడతాను."

బాబాయి నోటి నుంచి "నాన్నా!" అని ఒక మూలుగు వచ్చింది.

ఎస్సై గారికి పౌరుషం వచ్చింది. రాయమని హెడ్ కానిస్టేబులు గారికి చెప్పారు. హెడ్డుగారు కళ్లజోడు పెట్టుకుని, కాగితం తీసి, నేరం ఏమని రాయమంటారని వినయంగా అడిగారు. జుట్టు పెంచడం అన్నారు ఎస్సై గారు. ఎంత పెంచితే నేరం సార్ అన్నారు హెడ్డుగారు. ఎస్సై గారు ఆలోచించి, "భుజాల దాకా వస్తే" అన్నారు.

వరసలో ఎవరికీ భుజాల దాకా లేదు. అది చాలలేదేమో, తాతయ్య లోపలి గోడకి వేళ్లాడుతున్న కిరాణాకొట్టు క్యాలెండరు వైపు వేలు చూపించాడు. అందులో శ్రీకృష్ణుడు భుజాల మీద జుట్టు పరుచుకుని పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. "అయితే ముందు ఆయన్ని పిలిపించండి."

నాయనమ్మ ఊరుకోలేదు. "నలభై ఏళ్లు కాపురం చేస్తే ఇప్పటికి గుర్తొచ్చాడా దేవుడు మీకు!" అంది. హెడ్డుగారు కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గోడ పట్టుకున్న జనం నవ్వారు. ఎస్సై గారు కలం మూత తీశారు, కాగితం వైపు చూశారు, మళ్లీ మూత పెట్టేశారు. కత్తెరకి లేని భయం కలానికి ఉంటుందని ఆ రోజు చూశాను. "పోండయ్యా, అందరూ పోండి" అన్నారు చివరికి.

సగం గుండు కుర్రాడు మాత్రం కదల్లేదు. ఇలా ఇంటికెలా వెళ్లనని అడిగాడు. తాతయ్య వాడి దగ్గరికెళ్లి, మిగతాది కూడా తీయించుకోవడం నీ ఇష్టమేనా, ఎవరైనా బలవంతపెడుతున్నారా అని పదిమంది ముందు అడిగి, ఇష్టమేనని రెండుసార్లు అనిపించాకే కత్తెర కదలనిచ్చాడు.

దారంతా బాబాయి తండ్రితో మాట్లాడలేదు. గుమ్మం ముందు మాత్రం ఆగి, "అమ్మ మాట మీద వదిలేశారుగా. నన్ను తీసుకుని వచ్చేస్తే పోయేదేముంది?" అన్నాడు. నిన్ను వదిలింది దయరా, దయ చూపించినవాడికి రేపు కోపం కూడా రావచ్చు, మొక్కు లేనివాళ్ల గతేంటి, అన్నాడు తాతయ్య. బాబాయి కరిగిపోలేదు. మర్నాడు మైలవరంలో తాతయ్యకి దూరంగా కూర్చున్నాడట. సంబంధం మాత్రం కుదిరింది. మా పిన్ని వచ్చాక ఆ జుట్టు తనే కత్తిరించింది, దానికి ఏ సెక్షనూ అడిగే ధైర్యం బాబాయికి లేకపోయింది.

భక్తి ఉన్నవాడికి మినహాయింపు, లేనివాడికి కత్తెర అనే న్యాయాన్ని నేను తర్వాత చాలా వేషాల్లో చూశాను. కులం చూసి, పార్టీ చూసి, మనవాడా కాదా అని చూసి వదిలే దయలు చాలా చూశాను. దానికి చప్పట్లు కొట్టే గోడ మాత్రం మారలేదు, ఇప్పుడది ఫోనులోకి వచ్చింది. మొన్న మా అపార్టుమెంటు గ్రూపులో ఒక వీడియో పెట్టారు. మోత చేసే బైకుల కుర్రాళ్లతో పోలీసులు నడిరోడ్డు మీద గుంజీలు తీయిస్తున్నారు. ఆ బైకులు నా మధ్యాహ్నపు నిద్ర ఎన్నిసార్లు పాడు చేశాయో నాకే తెలుసు. నా బొటనవేలు చప్పట్ల బొమ్మ దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కొచ్చి, 'కేసు రాశారా? వీళ్ల మాట ఎవరైనా విన్నారా?' అని రాశాను.

మా సెక్రటరీ గారు, 'మేడమ్‌కి బైకుల మోత ఇష్టం కాబోలు' అని నవ్వు బొమ్మ పెట్టారు.

'అస్సలు ఇష్టం లేదండీ, అందుకే అడుగుతున్నాను' అని జవాబిచ్చాను.