జరీనా గారు వేయనన్న బస్టాపు

నిన్న మా ఆఫీసుకి కొత్త ఫ్లెక్సీ చుట్ట వచ్చింది. విప్పగానే రబ్బరూ, సిరా కలిసిన ఘాటు వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసనకి నాకిప్పటికీ గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీది రెండు గదులు గుర్తొస్తాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కిటికీ వెలుగులో అచ్చు కాగితాలు దిద్దుతున్న జరీనా గారు గుర్తొస్తారు.

పరిశ్రమల కోసం అమ్మే స్థలాలకీ, షెడ్లకీ, గోడౌన్లకీ పేర్లు పెట్టడం, ప్రకటనలు తయారు చేయడం ఆవిడ వ్యాపారం. నేను చేరిన రోజునే అడిగారు: "ఇళ్ళ ప్లాట్లకైతే ఉయ్యాల ఊగే పాప బొమ్మ వేస్తారు. రేకుల షెడ్డుకి ఏం బొమ్మ వేస్తావమ్మా?" నేను గబగబా పెన్సిలు అందుకున్నాను. "తొందరేం లేదు, ఆలోచించు" అన్నారు.

ఆ ఏడే చిలకలూరిపేట దగ్గర పత్తి చేలు కొన్న ఒకాయన అక్కడ ఇండస్ట్రియల్ పార్కు వేస్తూ మా దగ్గరికి వచ్చాడు. మా ఆఫీసుకి అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. నేను 'ప్రపంచ స్థాయి', 'అత్యాధునిక' లాంటి మాటలన్నీ పేర్చి బ్రోచర్ రాసి ఇచ్చాను. ఆవిడ చదివి పక్కన పెట్టి, "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అన్నారు. వేటపాలెంలో జీడిపప్పు షెడ్డులో పనికి వెళ్తుందని చెప్పాను. "అయితే ఆవిడనే అడుగుదాం" అని నా ఫోను నుంచే అమ్మకి చేయించారు.

మంచి షెడ్డు అంటే ఎలా ఉండాలని అడిగితే అమ్మ మొదట నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "గాలి ఆడాలండి. జీడి అంటితే చేతులు పొక్కుతాయి, కుళాయి దగ్గర్లో ఉండాలి. ఆడోళ్ళకి మరుగు ఉండాలి. సాయంత్రం బస్సు కోసం ఎండలో నిలబడకుండా కాస్త నీడ ఉంటే ఇంకేం కావాలండి." అమ్మ పని గురించి నేనెప్పుడూ అంత సేపు వినలేదు. ఆ మాటల్లోంచి మేమిద్దరం తీసిన వాక్యం ఇది: 'పనిచేసేవాళ్ళు వదిలిపోని చోటు'.

ఆ వాక్యం పార్కు వేసే ఆయనకి తెగ నచ్చింది. కుళాయిలూ, చెట్లూ, బస్టాపూ ఉన్న బొమ్మ కూడా వేయమన్నాడు. అవేవీ ఆయన ప్లాన్లో లేవు.

"బొమ్మే కదండీ, వేసెయ్యండి. తర్వాత చూసుకుందాం."

"ప్లాన్లో పెట్టించండి, అప్పుడు వేస్తాను" అన్నారు జరీనా గారు.

"అందరూ వేస్తున్నారండి."

"ఇవి ఈ అమ్మాయి వాళ్ళమ్మ చెప్పిన మాటలండి. రేపు ఆవిడొచ్చి ఆ బస్టాపు ఎక్కడుందని అడిగితే నేనేం చెప్పాలి?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి హైవే మీద మా వాక్యంతోనే, లేని బస్టాపు బొమ్మతో, ఎవరో చేసిన హోర్డింగు లేచింది. ఇద్దరం బస్సులోంచి చూశాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్షరాలు కాస్త పెద్దవి వేయాల్సింది" అని మాత్రం అన్నారావిడ. ఆ వేసవిలో అద్దె కట్టలేక రెండు గదుల్లో ఒకటి ఖాళీ చేసి ఇచ్చేశాం.

చాలా కాలం తర్వాత ఒంగోలు వైపు నుంచి ఒక మిర్చి వ్యాపారి వచ్చాడు. మిర్చి తొడిమలు తీయించడానికి అద్దెకిచ్చే షెడ్లు కడుతున్నాడు. "మీరు బస్టాపు వేయనన్నారని మార్కెట్లో చెప్పుకున్నారండి. నేను కట్టించాకే రమ్మంటాను, చూసి వేయండి" అన్నాడు. అన్నట్టే కట్టించి పిలిచాడు. ప్రారంభం రోజు అందరూ రిబ్బను దగ్గర ఫోటోలు దిగుతుంటే ఆవిడ కుళాయిల దగ్గర కనిపించారు. ఆ పొద్దుటే పనిలో దిగి మిర్చి తొడిమలు తీసి, మోచేతుల దాకా మంటతో వచ్చిన ఆడవాళ్ళు చేతులు కడుక్కుంటుంటే చూస్తూ నిలబడి ఉన్నారు. నేను పిలిచినా వినిపించుకోలేదు.

ఆ మరుసటి ఏడు జబ్బు చేసి జరీనా గారు పోయారు.

ఇప్పుడు నాకంటూ ఒక చిన్న ఆఫీసు ఉంది. స్థలం చూడకుండా, అక్కడ పనిచేయబోయేవాళ్ళని అడగకుండా ఒక్క మాట రాయను. పోయిన వారం తుళ్ళూరు వైపు గోడౌన్లు కట్టే ఒకాయన, ఇంకా పడని రోడ్డుని పడినట్టు చూపించమన్నాడు. కుదరదన్నాను. లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఇంటికి వస్తుంటే, పని పోయిందన్న దిగులు కన్నా, ఈ సంగతి జరీనా గారికి చెప్పాలన్న తపనే ఎక్కువైంది. విని, 'రోడ్డు పడ్డాక రమ్మనాల్సిందమ్మా' అంటారని నాకు తెలుసు. అయినా ఆవిడ నోటే వినాలనిపించింది.