తాతకు నిద్ర పట్టని నిశ్శబ్దం

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట్లో పడ్డ చీమ ఏనుగై బయటికొస్తుంది. కాస్త తరుగు తీసి చదువుకోండి.

నిన్న అంజూర్ ఫాటాలో నేనొక్కణ్ణే ఉండే ఫ్లాట్‌లో పాత సందూక తెరిస్తే సాంచాల నూనె వాసన గుప్పుమని, నన్ను చెవి పట్టుకుని నేను పెరిగిన నాగావ్‌కు లాక్కుపోయింది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మా ఇల్లు కారఖానా మీదే. కింద సాంచాలు ఆడుతుంటే పైన గిన్నెలు వాటంతటవే నడిచి చోటు మార్చుకునేవి, బతుకమ్మకు అమ్మ చేసిన నువ్వుల సద్ది పళ్లెంలోనే మరోసారి కలిసేది, వానాకాలం గోడల చెమ్మ తాళం తప్పకుండా కారేది, నా గోలీ నేను విసరకముందే పోయి గెలిచొచ్చేది. ఆ మోతలో మా తాత, కరీంనగర్ వైపు నుంచి వచ్చి జీవితమంతా నేసినవాడు, పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు.

ఒకసారి ఆయన బీపీ పెరిగి కళ్లు తిరిగి పడ్డాడు. ముసలి ఒంటికి మందుకంటే విశ్రాంతి ముఖ్యమనీ, మధ్యాహ్నం చప్పుడు లేనిచోట పడుకోకపోతే గుండె మీదికొస్తుందనీ డాక్టరు బెదిరించాడు. బాపు, అంటే మా నాన్న, భయపడి అన్నం వేళకు సాంచాలన్నీ ఆపించాడు. మోత ఆగిందో లేదో, తాత తేలు కుట్టినట్టు లేచి కూర్చున్నాడు.

"ఏందిరా, పోగు తెగిందా?"

"ఏం తెగలె నాయిన, నువ్వు పండు."

"తెగకుంటె సాంచ ఎందుకాగుతదిరా? నాకేమన్న మతి పోయిందనుకున్నవా?"

నేసేవాడికి మోతే జోల. సాంచ ఆగిందంటే ఎక్కడో పోగు తెగినట్టే, లేచి ముడి వెయ్యాల్సిందే. రోజూ ఇలా లేచి లేచి, విశ్రాంతి పుణ్యమా అని తాత మరింత వాడిపోయాడు. చివరికి బాపమ్మ, మా నాయనమ్మ, వచ్చి ఆయన తలాపున కూర్చుంది.

"పోగు నేను జూస్త. నువ్వు పండు."

ఆ మధ్యాహ్నం తాత పెట్టిన గురకకు కళ్యాణ్ రోడ్డు మీద లారీలు పక్కకు తప్పుకున్నాయి.

ఇప్పుడా కారఖానా లేదు, సాంచాలు తుక్కు కింద పోయాయి, డాక్టరు నాకూ అదే విశ్రాంతి రాశాడు. ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. గిన్నెలు నడిచింది నిజం. గోలీ కూడా నిజమే, ఒట్టు. బాపమ్మనే నేను కల్పించాను. ఆమె నేను పుట్టకముందే పోయింది. తాత తలాపున ఎవరూ కూర్చోలేదు. గురక మాత్రం పెట్టేవాడు, కళ్లు తెరుచుకుని, కింద బాపుకు వినబడేటట్టు.

ఇవాళ మధ్యాహ్నం నేనూ ఓసారి గురక పెట్టి చూశాను. ఎవరికి వినబడాలని పెట్టానో తెలియక ఆపేశాను.