తిరుపతయ్య ఓడ కాగితం

అమెరికాలోని పిస్కాటవేలో కూతురు నళిని ఇంట్లో కుళాయి కారినా, లాన్ మోవర్ మొరాయించినా తిరుపతయ్య ముందు దాని మీద చేయి ఆనించి చూసేవాడు. అది ఓడలో అబ్బిన అలవాటు. భీమిలి నుంచి ఇంగ్లీషువాళ్ల ఓడెక్కి, న్యూయార్కులో దిగిపోయి, 1943లో అమెరికా సరుకు ఓడలో ఆయిలర్‌గా చేరాడు. తిరుగుతున్న ఇంజన్‌లోకి చేయి పెట్టి, బేరింగు వేడి చూసి నూనె పొయ్యాలి. లెక్క తప్పితే చేయి ఉండదు.

ఆ ఓడను టార్పెడో కొట్టింది. అతని తర్వాత డ్యూటీకి దిగిన నలుగురూ పైకి రాలేదు.

యుద్ధమయ్యాక సైనికులకు దక్కిన సదుపాయాలేవీ సరుకు ఓడలవాళ్లకు దక్కలేదు. 2007 వేసవిలో, బతికున్న ముసలి నావికులకు నెలకు వెయ్యి డాలర్లిచ్చే బిల్లు ప్రతినిధుల సభ దాటింది. తిరుపతయ్యకప్పుడు ఎనభై ఆరేళ్లు.

"డబ్బుకి కాదే అమ్మా," అన్నాడు కూతురితో. "ఆ నలుగురితో నేనూ ఉన్నానని గవర్నమెంటు ఒక్క సంతకం పెడితే చాలు."

దానికి ముందు సర్వీసు రుజువు కావాలి. అతని దగ్గరున్నది ఒకటే కాగితం: ఓడ పేరు, తేదీలు, కెప్టెన్ సంతకం, ఉబ్బెత్తు ముద్ర. అతని ఎనభయ్యో పుట్టినరోజుకి నళిని దాన్ని లామినేట్ చేయించి ఫ్రేము కట్టించింది. తన డిగ్రీలన్నిటికీ అలాగే చేయించింది మరి. రుజువులు చూసే గవర్నమెంటు ఆఫీసుకి పంపితే, వాళ్లు దాన్ని తిప్పి పంపారు. ప్లాస్టిక్ కింద ముద్రను పరీక్షించలేమట.

"సేఫ్‌గా ఉంటుందని చేశాను నాన్నా. ఐ యామ్ సారీ."

"నీ డిగ్రీలకేం, ఉద్యోగం వచ్చేసింది. వాటికిక గాలాడక్కర్లేదు."

"ఎవరైనా ప్రొఫెషనల్‌కి ఇద్దాం."

"ఇంజన్ ముందు నిలబడి ఆ మాటన్నవాణ్ణి మేం అన్నానికి కూడా పిలిచేవాళ్లం కాదు."

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి, ఇస్త్రీ పెట్టె వేడిని చేతి వెనకవైపుతో చూసుకుని, అంచు నుంచి కొంచెం కొంచెంగా వెచ్చజేశాడు. వెన్న కత్తితో పొర లేపాడు. రెండు గంటలు పట్టింది. పొర చక్కగా, చిరగకుండా వచ్చింది. దాంతోపాటే సిరా అంతా వచ్చేసింది. బల్ల మీద మిగిలింది, వేడికి ముద్ర కూడా అణిగిపోయిన తెల్ల కాగితం.

నళిని ఏడ్చింది. అతను పొరను కిటికీకి ఎత్తిపట్టి, వెనక్కి తిరిగిన అక్షరాల్లో ఓడ పేరు వెతుక్కున్నాడు.

"అంతా ఉందిలే," అన్నాడు కాసేపటికి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, తీగ చుట్టి పెట్టాడు.

బిల్లు సెనేటులో ఆగిపోయింది. 2009 మార్చిలో తిరుపతయ్య పోయాడు.

ఫ్యూనరల్ హోమ్‌లో ఒక ఫారం ఇచ్చారు. "దేశం తరఫున యుద్ధ సేవ చేశారా? అయితే రుజువు జతచేయండి." నళిని పెన్ను అక్కడ చాలాసేపు ఆగింది. హ్యాండ్‌బ్యాగులో ఆ పొర ఉంది. బయటికి తీయలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద వృత్తి అన్నచోట ఒత్తి రాసింది: ఓడ ఇంజన్ ఆయిలర్.